పదో వంతు సముద్రం

ఏప్రిల్ 15 రాగానే విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం రేవుల్లో మరబోట్లు ఒకదాన్నొకటి ఆనుకుని నిలిచిపోతాయి. ఇంజను విప్పి బాగుచేసుకునేవాళ్లు, వల కుట్టుకునేవాళ్లు, చెక్కకు రంగు వేసుకునేవాళ్లు కనిపిస్తారు. అరవై ఒక్క రోజులు అంతే. జూన్ 14 అర్ధరాత్రి కోసం కాచుకున్న బోట్లన్నీ ఐసు, డీజిలు, బియ్యం ఎక్కించుకుని ఒక్కసారిగా కదులుతాయి. రెండు నెలలు గుడ్లు పెట్టుకున్న సముద్రం మీద ఆ రాత్రి నుంచి ఎవరి బలం వాళ్లది, ఎవరి వల వాళ్లది.

ఆ రెండు నెలలకూ రాష్ట్ర ప్రభుత్వం భృతి ఇస్తుంది. ఒకప్పుడు 4,000 రూపాయలు ఉండేది, 2019లో 10,000 అయింది, 2025లో 20,000 అయింది. ఈ డబ్బును నేను తక్కువ చేయను. వేట లేని ఇంట్లో పొయ్యి వెలగడానికి అది కావాలి. అయితే సముద్రాన్ని కాపాడటానికి ప్రభుత్వం ఏం చేయాలన్న మాట మన దగ్గర ఎప్పుడు వచ్చినా ఈ భృతి దగ్గరే మొదలై అక్కడే ఆగిపోతుంది. ఎంత పెంచారు, ఎవరికి పడింది, ఎవరి పేరు జాబితాలో లేకుండా పోయింది అన్నంతవరకే. మిగతా 304 రోజులు ఒడ్డు దగ్గరి నీళ్లు ఎవరి చేతిలో ఉంటాయని అడిగేవాళ్లు అరుదు. ఈ ప్రశ్నకు ఫిలిప్పీన్స్‌లో రెండు చిన్న దీవులు యాభై ఏళ్లుగా జవాబు చెబుతున్నాయి. ఒకటి చెడిపోయి చెప్పింది. రెండోది బాగుపడి చెప్పింది.

చెడిపోయిన దాని పేరు సుమిలోన్. సెబూ దీవి దక్షిణపు కొసకు ఎదురుగా, పాతిక హెక్టార్లు కూడా లేని ముక్క. చుట్టూ పగడపు దిబ్బ. దీవి మీద ఊరంటూ లేదు. అవతలి గట్టున ఓస్లోబ్ వైపు నుంచి చిన్న పడవల్లో వచ్చి వేటాడి వెళ్లేవారు. డుమగెటె పట్నంలోని సిల్లిమాన్ విశ్వవిద్యాలయంలో ఏంజెల్ ఆల్కాలా అనే జీవశాస్త్రవేత్త ఉండేవారు. 1929లో నెగ్రోస్ దీవిలో పుట్టిన ఆయన మొదట కప్పల మీద, బల్లుల మీద పరిశోధన చేసి, తరువాత సముద్రం వైపు తిరిగారు. రెండో ప్రపంచ యుద్ధం వదిలి వెళ్లిన మందుగుండుతో చేపలు పట్టడం మరిగిన కాలం అది. ఒక పేలుడు పేలిస్తే పడవ నిండేది, దాంతో పాటే చేపల ఇల్లూ కూలేది. దిబ్బలో కొంత భాగాన్ని ఎవరూ ముట్టుకోకుండా కొన్నేళ్లు వదిలేస్తే ఏమవుతుందో చూడాలని ఆల్కాలాకు అనిపించింది. 1974లో ఓస్లోబ్ పురపాలకాన్ని ఒప్పించి సుమిలోన్ దిబ్బలో నాలుగో వంతుకు వేట నిషేధం పెట్టించారు. విశ్వవిద్యాలయం తరఫున కాపలాకు మనిషిని ఉంచారు.

పదేళ్లు గడిచాయి. ముట్టుకోని నాలుగో వంతులో చేపలు పెరిగాయి, మిగిలిన మూడు వంతుల్లో వేట కూడా బాగుపడింది. 1984లో స్థానిక రాజకీయం అడ్డం తిరిగి రక్షణ కూలిపోయింది. దిబ్బ మొత్తం మీదికి వలలు వచ్చాయి, పేలుళ్లు వచ్చాయి. మామూలు లెక్క ప్రకారం వేటాడే చోటు పెరిగింది కనుక వేట కూడా పెరగాలి. ఆల్కాలా, ఆయనతో కలిసి పనిచేసిన ఆస్ట్రేలియా శాస్త్రవేత్త గ్యారీ రస్ తూచి చూస్తే, చదరపు కిలోమీటరుకు ఏడాదికి 37 టన్నుల దాకా వచ్చిన చేప రెండేళ్లు తిరగకుండానే 20 టన్నులకు దిగిపోయింది. చోటు పెరిగి వేట సగానికి పడింది. ఈ ఒక్క సంగతి కోసమైనా సుమిలోన్‌ను మనం గుర్తుపెట్టుకోవాలి. మూసిన చోటు మిగిలిన చోటుకు తిండి పెడుతోందని అంత స్పష్టంగా, అంత నష్టంతో తేలిన సందర్భాలు చాలా తక్కువ.

ఇది ఎలా జరుగుతుందో మన పల్లెల్లో వేరే చెప్పనక్కర్లేదు. విత్తనాలకు దాచిన గింజల్ని వండుకు తినే రైతు ఉండడు. చేప విషయంలో ఆ విత్తనం పెద్ద తల్లి చేప. చేప పొడవు కొద్దిగా పెరిగితే గుడ్ల సంఖ్య ఎన్నో రెట్లు పెరుగుతుంది. మెక్సికో సింధుశాఖలోని ఒక ఎర్రచేప జాతి మీద తరచూ చెప్పే లెక్క ఒకటి ఉంది: 61 సెంటీమీటర్ల ఆడచేప ఒక్కటి పెట్టే గుడ్లు, 42 సెంటీమీటర్ల ఆడచేపలు 212 కలిసి పెట్టే గుడ్లతో సమానం. వలకు ముందు దొరికేవీ, బజారులో ధర పలికేవీ ఆ పెద్దవే. వాటికి ముసలితనం దాకా బతికే చోటు ఒక్కటైనా ఉంటే, అక్కడి గుడ్లూ పిల్లలూ నీటివాలున చుట్టుపక్కలకు పోతాయి. కిక్కిరిసిన చోటు నుంచి ఎదిగిన చేపలు కూడా గట్టు దాటి బయటికొస్తాయి. ఆ గట్టు పక్కన గాలం వేసుకు కూర్చున్నవాడికి ఫలం దక్కుతుంది.

బాగుపడిన దీవి అపో. నెగ్రోస్ తీరానికి కొద్ది దూరంలో, దావిన్ పురపాలకం కింద ఉంటుంది. మొత్తం 74 హెక్టార్లు, కొన్ని వందల మంది జనం. 1970ల చివరికి అక్కడి పరిస్థితి ఎంత దిగజారిందంటే, సొంత దిబ్బ మీద చేప లేక పది కిలోమీటర్ల దూరం తెడ్డు వేసుకుని పోయేవారు. పేలుళ్లు, సైనేడు, పగడాన్ని రాళ్లతో మోదుతూ చేపల్ని వలలోకి తోలే మురో-అమీ, సన్నకన్ను వలలు అన్నీ అక్కడ నడిచేవి. బయటివాళ్లు వచ్చి చేసేవారు, దీవివాళ్లూ చేసేవారు. ఆల్కాలా బృందం వాళ్ల దగ్గరికి వెళ్లి దిబ్బలో కొంత మూసేయమని చెప్పింది. ఎవరూ వెంటనే నమ్మలేదు. ఉన్న కాస్త వేటలో కొంత వదులుకుంటే ఎక్కువ వస్తుందన్న మాట ఆకలిగా ఉన్నవాడికి ఎలా ఎక్కుతుంది? కొందరిని పడవెక్కించి సుమిలోన్ తీసుకెళ్లి, మూసిన చోట నీళ్లలో ఏముందో కళ్లతో చూడమన్నారు. ఆ తరువాత కూడా మూడేళ్లు మాటలు సాగాయి. 1982లో 14 కుటుంబాలు ముందుకొచ్చి ఒడ్డు పొడవునా 450 మీటర్లు మూశాయి. దీవివాళ్ల వేట నీళ్లలో అది పదో వంతు కంటే కాస్త తక్కువ. 1985కల్లా దీవి మొత్తం ఒప్పుకుంది, దావిన్ పురపాలకం దాన్ని స్థానిక చట్టం చేసింది.

ఆ మూడేళ్ల మాటల్ని నేను తేలిగ్గా దాటిపోలేను. ఒక పథకానికి మన దగ్గర ఎంత సమయం ఇస్తారు? మార్చి 31లోపు డబ్బు ఖర్చు కావాలి, ప్రారంభోత్సవానికి తేదీ దొరకాలి. అపోలో ఎవరూ శిలాఫలకం వేయలేదు. ఇల్లిల్లూ తిరిగారు, సందేహాలు విన్నారు, మళ్లీ వెళ్లారు. మూసే చోటేదో దీవివాళ్లే చూపించారు. ఒడ్డు నుంచి ఒక్క మనిషి కూర్చుని చూడగలిగేంత ముక్కనే ఎంచుకున్నారు. కాపలాకు పెద్ద ఖర్చు లేకుండా చేసింది ఆ ఎంపికే.

మూసిన పదో వంతుతో పాటు ఇంకొక నియమం పెట్టుకున్నారు. నిజానికి ఫలితానికి అసలు కారణం ఇదేనని నాకనిపిస్తుంది. దీవి చుట్టూ 500 మీటర్ల వరకు అపోవాళ్లు తప్ప ఇంకెవరూ వేటాడకూడదు. అపోవాళ్లయినా పేలుళ్లు, విషం, దిబ్బను పగలగొట్టే వలలు వాడకూడదు. గాలం, వెదురు బుట్టలు, పెద్దకన్ను వలలు, బల్లెం మాత్రమే. మూసిన చోట పెరిగిన చేప గట్టు దాటి బయటికొచ్చినప్పుడు పట్టుకునేది ఎవరో తెలియకపోతే, మూసుకునే ఓపిక ఎవరికి ఉంటుంది? తన పొలానికి గట్టు లేనివాడు గింజ ఎందుకు దాస్తాడు?

ఫలితాల్ని ఎవరూ ఊహించి చెప్పలేదు, సిల్లిమాన్ మనుషులు ఏళ్ల తరబడి నీళ్లలోకి దిగి చేపల్ని లెక్కపెట్టి చెప్పారు. 1983 నుంచి 2001 మధ్య మూసిన చోట పారజాతి చేపలు, దిబ్బల మీద పాచి మేసే సర్జన్ చేపలు మూడింతలయ్యాయి. గట్టు బయట 200-250 మీటర్ల దూరంలోపు కూడా అవి పెరిగాయి, అంతకు దూరంగా అంతగా పెరగలేదు. చేప ఎక్కడి నుంచి వస్తోందో ఆ దూరమే చెప్పింది. గాలం వేటలో మనిషికి దొరికేది 1980ల తొలినాళ్లతో పోలిస్తే 1998-2001కల్లా సగం ఎక్కువైంది. అదే కాలంలో గాలం వేటకు పెట్టే శ్రమ 46 శాతం తగ్గింది. తక్కువ సేపు నీళ్ల మీద ఉండి ఎక్కువ చేపతో ఇంటికి రావడం. పది కిలోమీటర్లు తెడ్డు వేసిన చేతులకు ఆ మాట విలువ తెలుసు. తరువాత ఈతగాళ్లు, విదేశీ పర్యాటకులు దిబ్బను చూడటానికి రావడం మొదలెట్టారు. వాళ్లిచ్చే రుసుముతో దీవిలో పిల్లల చదువులకు సాయం దొరికింది, కొందరికి పడవల్లో, వసతి గృహాల్లో పని దొరికింది.

ఇక్కడివరకు ఇది ఒక మంచి శాస్త్రవేత్త, ఒక మంచి ఊరి కథ. అలాంటి కథలు మన దగ్గరా ఉన్నాయి, ఆ మనుషులతోనే ముగిసిపోతుంటాయి కూడా. అపో కథ అక్కడ ఆగకపోవడానికి కారణం ప్రభుత్వం. 1991లో ఫిలిప్పీన్స్ స్థానిక ప్రభుత్వాల చట్టం తెచ్చింది. మార్కోస్ నియంతృత్వం కూలిన అయిదేళ్లకు, మనీలాలో పోగుపడిన అధికారాన్ని ఊళ్లకు పంచే ప్రయత్నం అది. తీరం నుంచి 15 కిలోమీటర్ల వరకు ఉన్న నీళ్లు పురపాలకానివని ఆ చట్టం చెప్పింది. అక్కడ వేటకు అనుమతి ఇవ్వడం, కాదనడం, రుసుము వేయడం, మూసేయడం అన్నీ స్థానిక సభ చేతికి వచ్చాయి. 1998లో వచ్చిన మత్స్య చట్టం ఇంకో అడుగు వేసింది. మూడు టన్నులు దాటిన వ్యాపార బోట్లను ఆ నీళ్ల నుంచి బయట ఉంచింది. 10 కిలోమీటర్లు దాటిన లోతు నీళ్లలో మాత్రం ఊరు అనుమతిస్తే కొన్నిటికి చోటిచ్చింది. ప్రతి పురపాలకం తన తీరంలో వీలున్నచోట కనీసం 15 శాతాన్ని చేపల ఆశ్రయంగా గుర్తించాలంది. నిర్ణయాల్లో స్థానిక సభకు సలహా ఇవ్వడానికి మత్స్యకారుల మండలి తప్పనిసరి చేసింది. ఆ మండలిలో చిన్న పడవల వాళ్లకు ఏడు స్థానాలు, కూలీకి ఒకటి, వ్యాపార బోట్లవాళ్లకు మూడు. ఆడవాళ్ల ప్రతినిధి, యువత ప్రతినిధి ఉండాలని కూడా రాశారు.

ఈ చివరి మాట చదివినప్పుడు మన రేవుల్లో తట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా చేప అమ్మే ఆడవాళ్లు, ఇసుక మీద నెత్తళ్లు, సావడాలు ఎండబెట్టే ఆడవాళ్లు గుర్తొచ్చారు. చేప చిన్నదైపోతోందని, కవ్వళ్లు ఈసారి ఆలస్యంగా తగిలాయని బోటు యజమాని కన్నా ముందు తెలిసేది వాళ్లకే. సముద్రం గురించి జరిగే ఏ సమావేశంలోనూ వాళ్లకు కుర్చీ వేసినట్టు నేను చూడలేదు.

చట్టం వచ్చాక అపో లాంటివి వెయ్యికి పైగా పుట్టాయి. చాలావరకు చిన్నవే, పది ఇరవై హెక్టార్లవి. కాపలా కాసేవాళ్లను అక్కడ బాంతాయ్ దాగాత్ అంటారు, సముద్రపు కావలి అని. ఎక్కువమంది ఆ ఊరి మత్స్యకారులే. పురపాలకం వాళ్లకు ఎంతోకొంత భత్యం ఇస్తుంది, పడవకు ఇంధనం పోస్తుంది, పట్టుకున్నవాళ్ల మీద కేసు నడిపే అధికారం ఇస్తుంది. ఆ పని చేస్తూ ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు కూడా ఉన్నారు. రాత్రిపూట దొంగ వేట పడవకు ఎదురెళ్లే మనిషి వెనక చట్టం ఉందో లేదో ఆ క్షణంలో తెలిసిపోతుంది.

అన్నీ బాగున్నాయని చెబితే అబద్ధమవుతుంది. కాగితం మీదే మిగిలిన ఆశ్రయాలు చాలా ఉన్నాయి. మేయరు మారితే డీజిలు ఆగిపోతుంది. వ్యాపార బోట్ల యజమానులు మేయరుకు చుట్టాలైన చోట 15 కిలోమీటర్ల గీత ఎవరికీ కనిపించదు. ఈ మధ్య ఆ గీతే ప్రశ్నలో పడింది. ఒక వ్యాపార వేట సంస్థ వేసిన కేసులో 2023 చివర ఒక దిగువ కోర్టు ఆ నీళ్ల మీద చిన్న మత్స్యకారులకున్న హక్కు రాజ్యాంగానికి విరుద్ధమంది. 2024లో సుప్రీంకోర్టు విభాగం ఒకటి ఆ తీర్పును సమర్థించింది. దేశమంతటా మత్స్యకారులు, శాస్త్రవేత్తలు గొంతెత్తారు. ముప్పై ఏళ్లు కాచుకున్న హక్కు కోసం మళ్లీ పోరాడాల్సి వచ్చింది.

ప్రభుత్వ సాయంలోనే దాగిన ఇంకో ప్రమాదాన్ని అపో చూపించింది. ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోస్తుంది. ఆల్కాలా 1992లో దేశానికి పర్యావరణ మంత్రి అయ్యారు, అదే ఏడాది మెగసెసే అవార్డు అందుకున్నారు. 1994లో అపో జాతీయ రక్షిత ప్రాంతమైంది. దీవికి గౌరవమే. అయితే దాంతో నిర్ణయాలు దీవి కమిటీ చేతి నుంచి జాతీయ చట్టం కింద ఏర్పడిన యాజమాన్య మండలి చేతికి పోయాయి. పర్యాటకులు కట్టే రుసుము జాతీయ ఖజానాకు వెళ్లి, అందులో కొంత తిరిగి రావాలి. అది ఆలస్యమయ్యేది. కాపలాకు డబ్బు కావాలంటే దీవివాళ్లు తమ దిబ్బ సంపాదించిన సొమ్మునే అర్జీ పెట్టుకుని అడగాల్సి వచ్చింది. ఆ మార్పును దగ్గరగా చూసిన పరిశోధకులు 2010లో రాస్తూ ఇది తప్పుదారేమోనని అనుమానించారు. ఊరు మొదలుపెట్టిన పనికి ప్రభుత్వం అండ కావాలి. ఆ అండ పెత్తనంగా మారినప్పుడు, కాపలా కాసినవాడు తన గట్టు మీదే పరాయివాడవుతాడు. సుమిలోన్‌లో ప్రభుత్వం చేయి తీసేసి చెడగొట్టింది. అపోలో చేయి మరీ బరువుగా వేసి ఇబ్బంది పెట్టింది.

ఇప్పుడు మన ఒడ్డుకు వద్దాం. వెయ్యి కిలోమీటర్లకు అటూ ఇటూ ఉన్న తీరం మనది. ఫిలిప్పీన్స్ స్థానిక ప్రభుత్వాల చట్టం వచ్చిన మరుసటి ఏడాది, 1992లో, మన రాజ్యాంగానికి 73వ సవరణ వచ్చింది. పంచాయతీలకు అప్పగించదగ్గ 29 విషయాల జాబితా, పదకొండో షెడ్యూలు, అందులోనే చేరింది. అయిదో విషయం మత్స్య పరిశ్రమ. 1994లో ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం చేసింది. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల వరకు సంప్రదాయ పడవలకే, మరబోట్లు ఆ గీత దాటి వేటాడాలి. అంటే అక్కడా ఇక్కడా దాదాపు ఒకే కాలంలో దాదాపు ఒకే ఆలోచన వచ్చింది. తేడా ఆ గీతను ఎవరి చేతికి ఇచ్చారన్న దగ్గర ఉంది. వాళ్లు ఊరి సభకు ఇచ్చారు. మనం శాఖాధికారికి ఇచ్చాం. పంచాయతీ జాబితాలో చేప పేరు ఉంది, ఊరి చెరువు పాట వరకు ఆ మాట పనికొస్తుంది. అలల దగ్గరికి వచ్చేసరికి పంచాయతీ అధికారం ఆగిపోతుంది.

8 కిలోమీటర్ల లోపలికి మరబోటు వచ్చి వలలు తెంచుకుపోతే తెప్పవాడు ఏం చేస్తాడు? ఫిర్యాదు చేస్తాడు. అధికారి దగ్గర గస్తీ బోటు ఉండాలి, ఉన్నా అందులో డీజిలు ఉండాలి, అది వచ్చేవరకు మరబోటు ఆగి ఉండాలి. కాబట్టి గొడవ సముద్రం మీదే తేల్చుకుంటారు. విశాఖలో రింగు వలల మీద జాలరిపేటలు రెండు వర్గాలుగా చీలి కొట్టుకున్న సంగతి రాష్ట్రమంతా చూసింది. 2022 జనవరిలో అది పడవలు తగలబడేదాకా వెళ్లింది. పోలీసులు వచ్చారు, మంత్రులు కూర్చోబెట్టి మాట్లాడారు. రెండు వర్గాలూ మత్స్యకారులే, రెండు వర్గాలకూ ఆకలే. ఆ నీళ్ల గురించి ఏడాది పొడవునా కలిసి కూర్చుని నిర్ణయించుకునే చట్టబద్ధమైన వేదిక ఒకటి వాళ్లకు ఉండి ఉంటే, మాట అగ్గిపెట్టె దాకా వెళ్లేదా?

వేదిక లేదన్నానే కానీ, మన తీరానికి కట్టుబాటు కొత్త కాదు. ఏ రోజు వేటకు పోకూడదో, అలివి వల ఎవరి వంతో, తప్పు చేసినవాడు ఊరికి ఎంత కట్టాలో పెద్దలు కూర్చుని చెప్పే అలవాటు మత్స్యకార పల్లెల్లో తరతరాలుగా ఉంది. ఆ కట్టుబాటులో అన్యాయాలూ ఉన్నాయి. వెలి వేయడం ఉంది, ఆడవాళ్ల మాటకు చోటు లేకపోవడం ఉంది. అందుకే దాన్ని ఉన్నదున్నట్టు చట్టం చేయమని నేను అనను. ఫిలిప్పీన్స్ మండలిలో ఎవరెవరు కూర్చోవాలో చట్టమే లెక్కగట్టి రాసింది ఇందుకే. ఊరి మాటకు బలమిస్తూ, ఆ మాట నలుగురు పెద్దలది మాత్రమే కాకుండా చూసింది.

ఇంకొక జాగ్రత్త. అపో చుట్టూ ఉన్నది పగడపు దిబ్బ, దిబ్బ చేప ఎదిగాక చాలావరకు ఆ దిబ్బ దగ్గరే ఉండిపోతుంది. మన వేటలో పెద్ద భాగం కవ్వళ్లు, కానాగంతలు, నెత్తళ్లు, వంజరాలు. మంద కట్టి తిరిగే చేపకు 450 మీటర్ల గట్టు అడ్డం కాదు. వాటికి రెండు నెలల నిషేధం, వల కన్ను కొలత, బోట్ల సంఖ్య మీద అదుపు, పక్క రాష్ట్రాలతో ఒప్పందం కావాలి. ఊరొక్కటే చేసే పని కాదది. అయితే నిలకడగా ఉండే చోట్లు మనకూ ఉన్నాయి. విశాఖ నుంచి భీమిలి వైపు, ఇటు పూడిమడక వైపు నీళ్ల కింద రాతి దిబ్బలున్నాయి. గోదావరి, కృష్ణ సముద్రంలో కలిసే చోట మడ అడవులున్నాయి, రొయ్య పిల్లా పీత పిల్లా పండుగప్ప పిల్లా పెరిగేది ఆ వేళ్ల నీడలోనే. అలాంటి ప్రతి చోటికీ పక్కన ఒక ఊరుంది.

మడ అడవుల దగ్గర మనం ఏం చేశామో చూడండి. కోరంగి 1978లో అభయారణ్యం అయింది, 235 చదరపు కిలోమీటర్లు. చెట్టు బతికింది, అది చాలా పెద్ద మేలు. తరువాత కొన్ని ఊళ్లలో సమితులు కట్టి, కాలువలు తవ్వి, ఎండిన చోట మడ మొక్కలు మళ్లీ నాటారు. అందులో ఊరివాళ్ల చెమట ఉంది. అయినా చట్టం దృష్టిలో ఆ కాలువల్లో వల వేసే మనిషికి అనుమతి మీద బతికే స్థానమే ఉంది. అపోలో 1994 తరువాత వచ్చిన ఇబ్బంది, కోరంగిలో మొదటి రోజు నుంచీ ఉన్నదే.

ఏం చేయవచ్చు? 1994 చట్టానికి ఒక సవరణతో మొదలుపెట్టవచ్చు. ఆ 8 కిలోమీటర్లలో తన ఊరి ఎదుట ఉన్న రాతి దిబ్బనో, మొగనో మూసుకుంటామని మత్స్యకారులు ఎక్కువగా ఉన్న గ్రామసభ తీర్మానిస్తే, ఆ తీర్మానానికి చట్టబలం రావాలి. కావలివాళ్లను ఊరే ఎంచుకోవాలి, గుర్తింపు కార్డు, భత్యం ప్రభుత్వం ఇవ్వాలి. జరిమానా సొమ్ము ఊరి ఖాతాలోనే ఉండాలి, అమరావతికి వెళ్లి తిరిగొచ్చే దారి దానికి పెట్టకూడదు. మరబోటు గీత దాటి వస్తే పట్టుకోవడం మాత్రం ప్రభుత్వం పని, ఆ బరువు ఊరి మీద వేయకూడదు. చేపల్ని లెక్కపెట్టే పనికి మనకు మనుషులు కరువు కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది, కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం విశాఖలో ఉంది, భారత మత్స్య సర్వే కార్యాలయం కూడా అక్కడే ఉంది. సిల్లిమాన్ చేసింది ఇరవై ముప్పై ఏళ్లు అదే నీళ్లలోకి మళ్లీ మళ్లీ దిగడం. మూడేళ్ల ప్రాజెక్టుకు దొరకని జవాబు ఆ ఓపికకు దొరికింది.

వీటన్నిటికీ అయ్యే ఖర్చు వేట విరామ భృతిలో చిన్న ముక్క. డబ్బు దగ్గర పని ఆగదు. అధికారం వదులుకోవడం దగ్గర ఆగుతుంది. ఏ శాఖకైనా అది కష్టమే. ఫిలిప్పీన్స్‌లో కూడా నియంత పోయిన ఊపులోనే ఆ పని జరిగింది.

తుఫాను సంగతి మన తీరానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. 2011 డిసెంబరులో సెందోంగ్, 2012 డిసెంబరులో పాబ్లో అపోను తాకాయి. రెండు డిసెంబర్లలో మూసిన చోటి పగడం చాలావరకు విరిగిపోయింది. ముప్పై ఏళ్లు కాచిన దిబ్బ రాళ్లకుప్పగా మారింది. పర్యాటకులు చూడటానికి అక్కడ ఇక ఏమీ మిగల్లేదు. దీవివాళ్లు ఆ 450 మీటర్లను వేటకు తెరవలేదు, ఈతగాళ్లను కూడా దిగనివ్వడం మానేశారు. మళ్లీ పెరగాలంటే ఎన్నేళ్లు పడుతుందో తెలియని పగడానికి కాపలా పెట్టారు.